ఫైట్ అయిపోయాక కూడా ఆ మాన్‌స్టర్ గుర్తుండాలంటే ఎలా నడపాలి?

పటమట_పాచికలు (విజయవాడ):

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నాలు మా మేడమీద గదిలో నలుగురు ఫ్రెండ్స్‌కి డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలు వేస్తూ పాత్రలుగా మాట్లాడుతూ కథ నడిపే ఆట) నడుపుతున్నాను. ఐదో ఎడిషన్, 2014 రూల్స్. పుస్తకాలు కొనలేదు, 2023లో క్రియేటివ్ కామన్స్ కింద ఫ్రీగా ఇచ్చిన రూల్స్ డాక్యుమెంటుతోనే ఆడుతున్నాం. వాళ్ల పాత్రలు ఫైటర్ (యోధుడు), రోగ్ (దొంగ), క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి), విజార్డ్ (మంత్రగాడు). అందరూ మూడో లెవెల్.

ఊళ్లో మాటలు, బేరాలు, తగాదాలు బ్రహ్మాండంగా సాగుతాయి. గొంతులు మార్చి మరీ మాట్లాడతారు. ఫైట్ మొదలైందంటే మాత్రం గదిలో ఉత్సాహమంతా పోతుంది. "పదిహేడు, తగిలిందా?" "తగిలింది." "తొమ్మిది డ్యామేజీ." "సరే, తర్వాత ఎవరు?" తన వంతు కానివాళ్లు ఫోన్లు తీస్తారు. తర్వాతి వారం "పోయినసారి దేనితో కొట్లాడాం?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కానీ అంతకు రెండు వారాల ముందు ముసలి గుర్రాన్ని అంటగట్టిన వ్యాపారిని మాత్రం ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నారు.

వచ్చే ఆదివారం పెద్ద ఫైట్ పెట్టాను. కొండమీద పాడుబడిన కోట, నా మనసులో ఉన్నది కొండపల్లి ఖిల్లానే. అందులో ట్రోల్ (గాయాలు వాటంతటవే మానిపోయే భారీ రాక్షసజీవి). ఏసీ 15 (దాన్ని కొట్టాలంటే కనీసం రావాల్సిన అంకె), 84 హెచ్‌పీ (ప్రాణం లెక్క), దాని టర్న్ మొదలైనప్పుడల్లా 10 హెచ్‌పీ తిరిగొస్తుంది, నిప్పో యాసిడో తగిలితే ఆ ఒక్కసారికి రాదు. ఇదంతా బట్టీ పట్టాను. అయినా ఇదీ "తగిలిందా, తగిలింది" లాగే అయిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు మీరెలా నడుపుతారో చెప్పండి.

బ్రాడీపేట_డీఎం (గుంటూరు):

ఆ గుర్రాల వ్యాపారి ఎందుకు గుర్తున్నాడో ఒకసారి ఆలోచించండి. వాడికి డబ్బు కావాలి. ముసలి గుర్రాన్ని వదిలించుకోవాలి. అందుకు మీ వాళ్ల మొహం మీదే అబద్ధమాడాడు. ట్రోల్ గురించి మీరు రాసినదాంట్లో దాని ఏసీ ఉంది, హెచ్‌పీ ఉంది, దానికి ఏం కావాలో లేదు. నేనైతే ముందు అది తేల్చుకుంటాను, మిగతాదంతా ఆ తర్వాతే.

బకాసురుణ్ణి తీసుకోండి. ఏకచక్రపురం కథ మనందరికీ చిన్నప్పుడే తెలుసు. భీముడు వాణ్ణి ఏ పట్టు పట్టి చంపాడని అడిగితే చాలామంది తడుముకుంటారు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, దాన్ని తోలుకెళ్లే మనిషి, ఇంటింటికీ వంతు. ఇది మాత్రం ఎవరిని అడిగినా చెప్తారు. పాండవులు తలదాచుకున్న ఇంట్లోంచే ఏడుపు వినిపిస్తుంది. ఆ రోజు వంతు ఆ ఇంటిది. తండ్రి నేను పోతానంటాడు, తల్లి నేనంటుంది, కూతురు నేనంటుంది. మాటలు కూడా సరిగ్గా రాని పిల్లాడు గడ్డిపరక పట్టుకొచ్చి దీనితో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. రాక్షసుడింకా కథలోకి అడుగే పెట్టలేదు, వినేవాడికి మాత్రం వాడంటే భయమూ కోపమూ రెండూ వచ్చేశాయి. ఆ తర్వాత భీముడు వెళ్లి ఏం చేస్తాడు? వాడి ఎదురుగా కూర్చుని వాడికి తెచ్చిన అన్నం తను తింటాడు. కొట్లాట అక్కడ మొదలవుతుంది. నా దృష్టిలో ఆ ఏడుపు దగ్గర్నుంచీ అంతా ఎన్‌కౌంటరే. ఇనీషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చే పాచిక) రోల్ చేయడం అందులో చివరి భాగం.

మా టేబుల్ మీద ఇదే వాడాను. మాదీ ట్రోలే, కొండ కింద ఒక ఊరు. మా ఇంట్లో షోకేసులో కొండపల్లి ఎడ్లబండి బొమ్మ ఉంది. తెల్లపొణికి కర్రతో చేసింది, అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. ఒక ఎద్దుకి కొమ్ము విరిగింది, అక్కడ రంగు కింద చింతపిక్కల మక్కు కనిపిస్తుంటుంది. దాన్ని తీసుకెళ్లి మ్యాప్ మధ్యలో పెట్టాను. బండిలో గుప్పెడు బియ్యం, ముందు ఒక చిన్న మనిషి బొమ్మ. పార్టీ (ప్లేయర్ల పాత్రల బృందం) ఊళ్లోకి అడుగుపెట్టింది సాయంత్రం. "బండి కొండ ఎక్కుతోంది" అని చెప్పి బొమ్మను నెమ్మదిగా కొండమీది గుహ వైపు జరిపాను. జనం తలుపులేసుకున్నారు. మావాళ్లు నాలుగిళ్లు తట్టినా ఎవరూ నోరు విప్పలేదు. తెల్లారాక బండి తిరిగొచ్చింది. ఎడ్లు రెండూ ఉన్నాయి. బియ్యం లేదు, తోలినవాడు లేడు. ఆ మనిషి బొమ్మను తీసి నా జేబులో వేసుకున్నాను.

మా రోగ్ ఆడే కుర్రాడు ఎప్పుడూ ఫోన్‌లోనే ఉంటాడు. ఆ రోజు ఫోన్ బోర్లా పెట్టి, "అవునూ, ఎడ్లను ఎందుకు వదిలేసింది?" అన్నాడు.

ఎడ్లను తినేస్తే రేపు బండి రాదు కాబట్టి. రూల్స్‌లో ట్రోల్ ఇంటెలిజెన్స్ 7, మందబుద్ధి కిందే లెక్క. కానీ రేపటి కూడు గురించి ఆలోచించడానికి ఆ 7 చాలు. ఆ సంగతి వాళ్లంతట వాళ్లే కనిపెట్టాక గదిలో మాటలు తగ్గిపోయాయి. నేను భయంకరం, వికృతం లాంటి మాట ఒక్కటి కూడా వాడలేదు. అసలు ట్రోల్ అనే పేరు కూడా చెప్పలేదు, ఊరివాళ్లు దాన్ని "పైనున్నది" అంటారు, అంతే. మీరూ పేరు చెప్పకండి. చెప్పగానే ఆట తెలిసినవాడు "ట్రోలా, అయితే నిప్పు కావాలి" అనేస్తాడు.

నిప్పు విషయం మాత్రం దాచిపెట్టొద్దు. తెలుసుకునే దారి ఉంచండి, అడిగినవాళ్లకి దొరకాలి. మా ఊళ్లో ఒక ముసలమ్మ ఉంది, ఆమె మొగుణ్ణి తీసుకెళ్లిన రాత్రి పొయ్యిలోని కొరివి లాగి దాని చేతిమీద కొట్టింది. "మా ఆయన గొడ్డలితో నరికిన చోట నా కళ్లముందే చర్మం మూసుకుపోయింది, నేను కాల్చిన చోట మాత్రం మూసుకోలేదు" అని చెప్తుంది. తర్వాత ట్రోల్ కనిపించినప్పుడు దాని ముంజేతి మీద ఆ కాలిన మచ్చ ఉంది. క్లెరిక్ ఆడే అమ్మాయి దాన్ని చూడగానే "అవ్వ కొట్టింది ఇక్కడే!" అని కేక పెట్టింది. ఆ మచ్చ లేకపోతే అది పుస్తకంలోంచి ఊడిపడిన ఏదో ఒక ట్రోల్. మచ్చ ఉంది కాబట్టి ఆ అవ్వ మొగుణ్ణి తిన్న ట్రోల్.

విజయవాడవాళ్లు మీరు, దసరాల్లో రక్తబీజుడి కథ వినకుండా ఉండరు. వాడి రక్తం బొట్టు నేలమీద పడితే ఇంకో రక్తబీజుడు లేస్తాడు. ఎంత గట్టిగా కొడితే అంతమంది ఎక్కువవుతారు. అప్పుడిక ఎంత డ్యామేజీ అని ఎవరూ అడగరు, బొట్టు నేలపడకుండా ఎలా ఆపాలి అని అడుగుతారు. కాళి వచ్చి ఆ రక్తాన్ని తాగేస్తే తప్ప తెగలేదు. మన ఆటలోనూ అలాంటివి ఉన్నాయి. బ్లాక్ పుడ్డింగ్ అనే నల్లటి జిగురు జీవిని కత్తితో నరికితే రెండవుతుంది. రోజూ చేసే పనే ఇవాళ తప్పు అని తెలిసిన క్షణాన ప్లేయర్ తలెత్తి చూస్తాడు. ట్రోల్ గాయం మానడాన్ని కూడా అలాగే చూపించండి. "10 హెచ్‌పీ వచ్చింది" అని మనసులో రాసుకోవడం వల్ల లాభం లేదు. ఫైటర్ తెరిచిన గాయమే అతని ఎదురుగా మూసుకోవాలి, అందులో ఇరుక్కున్న బాణం మొన బయటికి వచ్చి నేలమీద పడాలి.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యం. వాళ్లు పుస్తకంలో లేని ఉపాయం తెస్తే దాన్ని నిలబెట్టండి. ట్రోల్‌కి వాసన పట్టే శక్తి ఎక్కువ, రూల్స్‌లోనే ఉంది. అడుగుజాడల దగ్గర ఆ సంగతి చెప్పాను. మా క్లెరిక్ అమ్మాయి వాళ్ల నాన్నగారిది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. "ఈ ఊళ్లో ఎండుమిరపకాయలు దొరుకుతాయా?" అని అడిగింది. గుంటూరులో కూర్చుని ఆడుతూ దొరకవని ఎలా అంటాను! బస్తా కాయలు కొండెక్కించారు. గాలివాటం చూసుకుని గుహ నోటి దగ్గర నిప్పులు పేర్చి కుమ్మరించారు. ఇంట్లో దిష్టి తీసి నాలుగు కాయలు పొయ్యిలో వేస్తేనే వీధిలోవాళ్లు తుమ్ముతారు, అలాంటిది బస్తా. కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి బలంతో తట్టుకోడానికి వేసే పాచిక), డీసీ 13 (కనీసం రావాల్సిన అంకె) అన్నాను. వెంటనే రోగ్ కుర్రాడు "అవి ఘాటెక్కువ తేజ కాయలు, 334 రకం కాదు, 15 చేయండి" అని బేరం పెట్టాడు. ఒప్పుకున్నాను. ట్రోల్ ఫెయిలైంది. మొదటి రౌండంతా దాని దెబ్బలన్నీ డిస్‌అడ్వాంటేజ్‌తోనే (రెండు పాచికలేసి తక్కువది తీసుకోవడం). దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, గోడకి గుద్దుకుంటూ బయటికొచ్చింది. అయితే ఆ పొగలోకి ఎవరు అడుగుపెట్టినా అదే సేవ్ అని ముందే చెప్పాను. ఫైటర్ ఆవేశంగా దూకాడు, వాడూ ఫెయిలయ్యాడు. ఇద్దరూ ఎదురెదురుగా దగ్గుతూ గాల్లో కత్తులూ గోళ్లూ ఆడించారు. ఆ రాత్రి మావాళ్లు ఇళ్లకి వెళ్లడానికి లేవలేదు, మెట్లమీద కూర్చుని అదే చెప్పుకున్నారు.

గవర్నర్‌పేట_గోబ్లిన్ (విజయవాడ):

బ్రాడీపేట అన్న చెప్పిందంతా బాగుంది, బండి సంగతి నేను కూడా వాడుకుంటాను. కానీ ఒక మాట. ఇంత కథ నడిపించాక ఆ ట్రోల్ ఒకేచోట నిలబడి రెండు మూడు రౌండ్లలో పడిపోతే మొత్తం నీరుగారిపోతుంది. అందుకని లెక్కలు కూడా చూసుకోవాలి.

2014 రూల్స్ ప్రకారం ట్రోల్‌కి 1,800 ఎక్స్‌పీ (దాన్ని ఓడిస్తే వచ్చే అనుభవం పాయింట్లు). మూడో లెవెల్ నలుగురికి డెడ్లీ (ప్రాణాపాయం ఉన్న ఫైట్) గీత 1,600. అంటే కాగితం మీద ఇది డెడ్లీ కంటే ఎక్కువే. ఆడేటప్పుడు రెండు రకాలుగా తేడా రావచ్చు. ఒకటి, నలుగురూ చుట్టుముడతారు, వాళ్లకి రౌండుకి నాలుగు టర్న్‌లు, దానికి ఒకటి. రెండోది, దాని కాటు సగటున 7, గోళ్ల దెబ్బలు ఒక్కోటి 11. మూడూ తగిలితే 29. మూడో లెవెల్ విజార్డ్ ఒక్క టర్న్‌లో నేలమీద ఉంటాడు. మొదటిది జరిగితే చప్పగా ఉంటుంది, రెండోది జరిగితే ఒకరు మిగతా సాయంత్రమంతా గోళ్లు కొరుక్కుంటూ కూర్చోవాలి.

నేనైతే ట్రోల్ హెచ్‌పీ పెంచను. ఫైట్‌లో ఇంకో పని పెడతాను. కోట లోపల ఇంకా బతికున్న మనుషులు ఇద్దరు ఉన్నారనుకోండి, పైఅంతస్తులో. వాళ్లని దింపాలి. ట్రోల్‌ని చంపడమా, వాళ్లని తప్పించడమా అని పార్టీలోనే వాదన మొదలవుతుంది. కొండపల్లి అంటున్నారు కాబట్టి ఎత్తుపల్లాలు మీకు ఎలాగూ ఉన్నాయి, కూలిన గోడ మీంచి ట్రోల్ రాళ్లు దొర్లించొచ్చు, మెట్లమీద ఒకేసారి ఇద్దరికంటే పట్టరు. చదునైన గదిలో మాత్రం పెట్టొద్దు.

నాకిష్టమైన ఉపాయం ఇంకోటి చెప్తాను. ట్రోల్‌కి ఇద్దరు గోబ్లిన్‌లను (పొట్టి రాక్షసులను) ఇవ్వండి. చెరో 7 హెచ్‌పీ, ఒక్క దెబ్బకి పోతాయి. కానీ వాటి చేతుల్లో కత్తులకి బదులు నీళ్ల బిందెలు. ట్రోల్‌కి నిప్పంటే భయం, అందుకే ఈ ఇద్దర్నీ మేపుతోంది. పార్టీ వెలిగించిన ప్రతి కాగడా మీదా అవి నీళ్లు గుమ్మరిస్తాయి, బోనస్ యాక్షన్‌తో (అదే టర్న్‌లో అదనంగా చేసే చిన్న పని) దాక్కుంటాయి, అది గోబ్లిన్‌లకి రూల్స్‌లోనే ఉంది. ఇక రోగ్‌కి తన వంతు ఎప్పుడొస్తుందా అని ఆత్రం. ఫోన్ తీసే తీరిక ఉండదు.

అన్నట్టు గోబ్లిన్‌లు చచ్చేదాకా పోరాడవు. డీ అండ్ డీ 1981 బేసిక్ సెట్‌లో మొరేల్ (ధైర్యం) అని ఒక రూల్ ఉండేది. తమవాళ్లలో మొదటివాడు చచ్చినప్పుడు, సగం మంది పడిపోయినప్పుడు రెండు డైస్ వేస్తారు, ఆ జీవి మొరేల్ కంటే ఎక్కువ వస్తే పారిపోతుంది లేదా లొంగిపోతుంది. గోబ్లిన్ మొరేల్ 7. దాన్ని ఐదో ఎడిషన్‌లోకి తెచ్చుకున్నా ఏ ఇబ్బందీ ఉండదు. బిందె పారేసి కాళ్లమీద పడిన గోబ్లిన్‌ని ఏం చేయాలో తేల్చుకోవడం కూడా ఆటే.

మంగళగిరి_మేజ్:

కథా లెక్కలూ వాళ్లు చెప్పారు, నేను టేబుల్ సంగతి ఒక్కటి చెప్తాను. "ఫైటర్, నీ టర్న్. విజార్డ్, తర్వాత నువ్వు, రెడీగా ఉండు" అని ఇద్దరి పేర్లూ చెప్పండి. తన వంతు వచ్చాక ఆలోచించడం మొదలుపెట్టేవాళ్ల వల్లే సగం టైమ్ పోతుంది. ఆఖరి దెబ్బ ఎలా తగిలిందో కొట్టినవాళ్లనే చెప్పమనండి, మీరు చెప్పకండి.

పటమట_పాచికలు:

అందరికీ చాలా చాలా థాంక్స్. బండి పెడుతున్నాను, మా పక్కింటి అమ్మమ్మ దగ్గర కొండపల్లి బొమ్మలున్నాయి, అడిగితే ఇస్తానంది. బిందెల గోబ్లిన్‌లు కూడా ఖాయం. ట్రోల్‌కి ఏం కావాలో కూడా ఆలోచించాను. దానికి కొండ దిగాలంటే భయం, ఒకప్పుడు కింద ఊరి పొలాల్లో మంట పెట్టి తరిమారు, అందుకే ఊరినే పైకి రప్పించుకుంటోంది.

రెండు సందేహాలు. మా విజార్డ్ ఆడే అమ్మాయి తన క్యారెక్టర్ మీద ప్రాణం పెట్టుకుంది, 29 అని చదివాక గుండె దడదడలాడింది. డైస్ దాచి కాస్త తగ్గించి చెప్పనా? రెండోది, మావాళ్లు మాటకారులు. ట్రోల్‌తో బేరం పెడితే?

బ్రాడీపేట_డీఎం:

కొండ దిగాలంటే భయం అనేది చాలా బాగుంది. దాన్ని గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే ఓడిపోతున్నప్పుడు అది కిందికి పారిపోదు, పైకే పోతుంది. ఫైట్ ఎటు జరుగుతుందో దాంతోనే తేలిపోయింది.

డైస్ దాచొద్దు. అందరి ముందే వేయండి. దాచి వేసినప్పుడు మీరు కాపాడారని వాళ్లకి ఏదో ఒక రోజు తెలుస్తుంది, ఆ తర్వాత ఏ దెబ్బకీ వాళ్లు భయపడరు. దానికి బదులు, అది ఏం చేయబోతోందో ఒక టర్న్ ముందే చూపించండి. "అది ఫైటర్‌ని వదిలేసింది. తలెత్తి వాసన పట్టింది. నీ వైపు చూస్తోంది, నీ చేతిలోని మంట వైపు." అంతే చెప్పి తర్వాతివాళ్ల టర్న్‌కి వెళ్లండి. ఇప్పుడు విజార్డ్‌ని కాపాడటం మీ పని కాదు, మిగతా ముగ్గురి పని. ఒకరు అడ్డం వస్తారు, ఒకరు దాని దృష్టి మళ్లిస్తారు, ఆమె స్తంభం వెనక్కి వెళ్తుంది. ఇంత చెప్పాక కూడా ఆమె అక్కడే నిలబడి ఇంకో ఫైర్ బోల్ట్ (నిప్పు మంత్రం) వేస్తానంటే అది ఆమె తీసుకున్న నిర్ణయం, ఆ టేబుల్ మీద అందరూ దాన్ని గౌరవిస్తారు. పైగా ఐదో ఎడిషన్‌లో సున్నా హెచ్‌పీకి వస్తే వెంటనే చావు రాదు, మూడు డెత్ సేవ్‌లు (చావు తప్పించుకోడానికి వేసే పాచికలు) ఫెయిలవ్వాలి. క్లెరిక్ పక్కనే ఉంది కదా. ఒకేసారి దెబ్బ మరీ పెద్దదైతే తప్ప, అంటే సున్నాకి వచ్చాక మిగిలిన డ్యామేజీ ఆమె పూర్తి హెచ్‌పీకి సమానమైనా, మించినా తప్ప, అక్కడికక్కడే పోదు. ట్రోల్ 29 మూడు విడి దెబ్బల్లో వస్తుంది కాబట్టి ఆ ప్రమాదం తక్కువే. అయితే పడిపోయినదాన్ని దగ్గరుండి కొడితే క్రిటికల్ (రెట్టింపు పాచికల దెబ్బ), రెండు డెత్ సేవ్‌లు ఒకేసారి పోతాయి. అందుకని ఆమె పడితే ట్రోల్ తర్వాతి దెబ్బ నిలబడినవాళ్ల మీదికి వెళ్లాలి. దానికి కారణం కూడా ఉంది, అది ఎడ్లను వదిలేసే రకం, పడిన కూడు ఎక్కడికీ పోదని దానికి తెలుసు.

బేరం పెడితే ఆడనివ్వండి! గవర్నర్‌పేట గోబ్లిన్ గారు చెప్పిన ఆ 1981 సెట్‌లోనే రియాక్షన్ రోల్ కూడా ఉంది, రెండు డైస్, తక్కువ వస్తే మీదపడుతుంది, ఎక్కువ వస్తే మాట వింటుంది. నేను దాన్ని ఇప్పటికీ వాడతాను. ట్రోల్ జయంట్ భాష ఒక్కటే మాట్లాడుతుంది, మీవాళ్లలో ఎవరికైనా వచ్చో లేదో ముందే చూసుకోండి. రాకపోతే గోబ్లిన్‌కి రెండు భాషలూ వచ్చని పెట్టి దాన్నే మధ్యవర్తిని చేయండి. ట్రోల్ అడిగేది మాత్రం మారదు, బండి రావాలి. మీవాళ్లు "మనిషి లేకుండా పంపిస్తాం" అంటే అది ఒప్పుకుంటుందా? ఒప్పుకుంటే ఆ బియ్యం ఊరు ఎన్నాళ్లు పెట్టగలదు? ఆ ముసలమ్మ దీనికి ఏమంటుంది? ఒక్క దెబ్బ పడకుండానే రెండు సెషన్ల ఆట ఉంది అందులో.

గవర్నర్‌పేట_గోబ్లిన్:

బిందెకి రూల్ రాసుకోండి, అప్పటికప్పుడు తడుముకోకుండా. గుమ్మరించడం ఒక యాక్షన్, అయిదడుగుల లోపల ఉన్న కాగడా ఆరిపోతుంది, బిందెలో రెండుసార్లకి సరిపడా నీళ్లు. తర్వాత నింపుకోవడానికి కోటలోని కోనేటికి పరిగెత్తాలి. ఫైర్ బోల్ట్ మంత్రం కాబట్టి దాన్ని నీళ్లు ఆపలేవు, విజార్డ్‌కి ఆ సంగతి చెప్పండి, లేకపోతే తన టర్న్ వృథా అనుకుంటుంది. మధ్యవర్తి గోబ్లిన్ ఐడియా నాకు బాగా నచ్చింది, బేరం కుదిరేదాకా బిందె కింద పెట్టదని రాసుకోండి.